నుదుటి మీద రెండు తడి స్పాంజీలు

విజయవాడ వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టు గుమాస్తాని ఊహించుకుందాం. పొద్దున కొట్టు తెరిచింది మొదలు రాత్రి తొమ్మిదింటి దాకా తానులు విప్పడం, కొలవడం, మళ్లీ మడత పెట్టడం అతని పని. ఎనిమిది నెలలుగా ఇంట్లో భార్యకి ఒంట్లో బాగోలేదు. ముందు నిద్ర తగ్గింది. తర్వాత ఆకలి పోయింది. ప్రతి శుక్రవారం కొండ మీద అమ్మవారి దర్శనానికి వెళ్లే మనిషి ఇప్పుడు గుమ్మం దాటడం లేదు. పాలు పొంగి స్టవ్ మీద పడుతున్నా అలా చూస్తూ నిలబడిపోతుంది. ఒక డాక్టరు గ్యాస్ అన్నాడు, ఇంకొకరు రక్తం తక్కువ అన్నారు, మేనత్త దిష్టి తీసింది. చివరికి సూర్యారావుపేటలో ఒక మానసిక వైద్యుడు ఆ జబ్బుకి పేరు చెప్పాడు. డిప్రెషన్. తెలుగులో కుంగుబాటు. మాత్రలు మొదలెట్టాక సగం తేలికపడింది. మిగతా సగం అలాగే ఉండిపోయింది.

అలాంటప్పుడు హైదరాబాదులో ఉన్న బామ్మర్ది ఫోన్‌కి ఒక వీడియో పంపాడు. ఎవరో విదేశీ అమ్మాయి తలకి పట్టీ లాంటిది పెట్టుకుని, సోఫాలో కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. రోజూ అరగంట ఇలా కూర్చుంటే చాలట, దిగులు పోతుందట. "బావా, అక్కకి ఇది తెప్పిద్దామా?" అని కింద ఒక మెసేజీ.

తర్వాతిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు గుమాస్తా ఆ వీడియో డాక్టరుకి చూపించి అడిగాడు. "తలకి కరెంటు పెడతారంటండీ. ఇంట్లోనే పెట్టుకోవచ్చంట. నిజమేనంటారా? షాక్ కొట్టదాండీ?"

ఆ నాలుగు ముక్కల్లో మూడు ప్రశ్నలున్నాయి. అది షాకా? దానివల్ల నిజంగా తగ్గుతుందా? ఆస్పత్రిలో చేయాల్సిన పని ఇంట్లో చేసుకోవచ్చా? మూడూ ప్రపంచమంతటా పరిశోధకులు పాతికేళ్లుగా వేసుకుంటున్న ప్రశ్నలే.

షాక్ అన్న మాట దగ్గర

షాక్ ట్రీట్‌మెంట్ అనగానే మన కళ్ల ముందు మెదిలేది సినిమా. మంచానికి కట్టేసిన మనిషి, నోట్లో గుడ్డ, ఎగిరెగిరి పడే కాళ్లూ చేతులూ. ఆ బొమ్మ మన మనసుల్లోంచి చెరిగిపోవాల్సిన కాలం ఎప్పుడో వచ్చింది. 1938లో రోమ్ నగరంలో చెర్లెట్టి, బీనీ అనే వైద్యులు మొదలుపెట్టిన ఆ చికిత్సని ఇవాళ మత్తు ఇచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చి చేస్తారు. ఆ రెండూ లేకుండా చేయడాన్ని మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. అన్నం నీళ్లు మానేసి మంచానికి అతుక్కుపోయిన వాళ్లని, చావు తప్ప మరో ఆలోచన లేని వాళ్లని ఒడ్డున పడేసిన చికిత్స అది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం అన్యాయం.

అయితే వీడియోలో అమ్మాయి పెట్టుకున్నది అది కాదు. షాక్ చికిత్సలో సుమారు 800 మిల్లీ ఆంపియర్ల కరెంటుని చిన్న చిన్న తునకలుగా, కొన్ని సెకన్ల పాటు పంపుతారు. మెదడులో ఒక చిన్న మూర్ఛని కావాలనే తెప్పించడం దాని ఉద్దేశం. తలపట్టీ పంపేది 2 మిల్లీ ఆంపియర్లు. అంటే 400వ వంతు. పాత 40 వాట్ల బల్బు వెలగడానికి 170 మిల్లీ ఆంపియర్లు దాటి కావాలి. దానితో పోల్చినా ఇది ఎనభయ్యో వంతుకి లోపే. మూర్ఛ రాదు, మత్తు అక్కర్లేదు, మెలకువగా కూర్చుని కూరగాయలు తరుక్కోవచ్చు.

దీని అసలు పేరు పెద్దది: ట్రాన్స్‌క్రేనియల్ డైరెక్ట్ కరెంట్ స్టిమ్యులేషన్. పొట్టిగా టీడీసీఎస్. కపాలం మీద నుంచి, ఒకే దిక్కుగా ప్రవహించే సన్నని కరెంటు అని దానర్థం. ఈ అధ్యాయంలో దాన్ని సన్నకరెంటు అందాం. నడుం నొప్పికి ఫిజియోథెరపీకి వెళ్లి "కరెంటు పెట్టించుకొచ్చాను" అని చెప్పుకునే వాళ్లు మనలో ఎందరో. ఆ కరెంటు కండరానికి, ఇది నుదుటికి.

పరికరం చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. ఒక పట్టీ, అందులో చిన్న బ్యాటరీ, నుదుటి పైభాగాన ఎడమ పక్క ఒకటి, కుడి పక్క ఒకటి, రెండు బిళ్లలు. వాటికి ఉప్పునీటిలో తడిపిన స్పాంజీలు. కరెంటు ఎడమ బిళ్ల నుంచి లోపలికి వెళ్లి కుడి బిళ్ల నుంచి బయటికి వస్తుంది. ఎంతసేపు, ఎంత అనేది ఫోన్‌లోని యాప్ చూసుకుంటుంది. మొదలైన మొదటి నిమిషంలో చర్మం మీద చీమలు పాకినట్టు, కాస్త దురదగా ఉంటుంది. పట్టీ తీశాక నుదుటి మీద రెండు ఎర్రటి మచ్చలు కాసేపు కనిపిస్తాయి.

మెదడుకి బయటి నుంచి చేసే చికిత్సల్లో ఇంకొకటి కూడా ఉంది. ఆంటొనీ బార్కర్ బృందం 1985లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో తయారు చేసిన అయస్కాంత చుట్ట. తల పక్కన పెడితే టకటకమంటూ అయస్కాంత తాకిడితో నాడీకణాలను నేరుగా మోగిస్తుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే దాన్ని కుంగుబాటుకి అనుమతించింది. మన నగరాల్లోనూ దొరుకుతోంది. కాకపోతే ఆ యంత్రం బీరువా అంత బరువు, లక్షల ఖరీదు. ఇంటికి తెచ్చుకునేది కాదు.

తిమ్మిరి అనే చేప

తలకి కరెంటు పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గాని, కరెంటు కనిపెట్టక ముందే వచ్చింది. అందుకు సాయపడింది ఒక చేప.

బాసింపట్టు వేసుకుని భోజనానికి కూర్చుని లేచినప్పుడు కాలికి పట్టేదాన్ని తిమ్మిరి అంటాం. మన తీరంలో వలలో పడే ఒక జాతి చేపకి కూడా జాలర్లు పెట్టిన పేరు అదే. బల్లపరుపుగా, విసనకర్ర ఆకారంలో, బురద రంగులో ఉంటుంది. ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో ఉండగా జాలర్ల చేత చేపలు తెప్పించుకుని బొమ్మలు గీయించాడు. 200 చేపల ఆ గ్రంథం 1803లో లండన్‌లో అచ్చయింది. ఆయన చేసిన మంచి పని ఏమిటంటే, చేపల పేర్లు జాలర్లు చెప్పినవి చెప్పినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం. అందుకే ఆ పుస్తకంలో తిమ్మిరి, నల్ల తిమ్మిరి అన్న పేర్లు రెండు శతాబ్దాలు దాటినా చెక్కుచెదరకుండా కనిపిస్తాయి. చేప ఒంట్లో కరెంటు ఉందన్న సంగతి మన జాలరికి పేరు పెట్టేటప్పుడు తెలియకపోవచ్చు. ఆ కరెంటు ఒంటికి ఏం చేస్తుందో మాత్రం ఒక్క మాటలో చెప్పేశాడు.

ఈ చేపకి దూరపు చుట్టం మధ్యధరా సముద్రంలో ఉంది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో స్క్రిబోనియస్ లార్గస్ అనే రోమన్ వైద్యుడు తలనొప్పి మానని వాళ్లకి ఆ చేపని బతికుండగానే తల మీద పెట్టమని రాశాడు. తిమ్మిరెక్కేదాకా ఉంచాలట.

చేప అవసరం లేకుండా కరెంటు దొరికింది 1800లో, ఇటలీలో వోల్టా మొదటి బ్యాటరీ చేశాక. మరుసటి ఏడాదే జొవాన్ని ఆల్దీనీ దాన్ని బొలోన్యాలో ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడ లుయీజీ లంజరీనీ అనే 27 ఏళ్ల రైతు ఉన్నాడు. మాట లేదు, నవ్వు లేదు, తిండి మీద ధ్యాస లేదు. ఆ రోజుల్లో దానికి మెలాంకలీ అని పేరు. ఆల్దీనీ అతని తలకి బ్యాటరీ కరెంటుని రోజుల తరబడి, కొంచెం కొంచెంగా పెంచుతూ పెట్టాడు. లంజరీనీ కోలుకుని ఇంటికి వెళ్లాడని రాసుకున్నాడు.

కథ బాగుంది. కాని ఒక్క మనిషి కోలుకుంటే అది కరెంటు వల్లే అని ఎలా చెప్పగలం? రోజూ ఒక డాక్టరు వచ్చి పక్కన కూర్చుని, "ఎలా ఉంది నాయనా" అని అడగడం వల్ల కావచ్చు. కాలం గడవడం వల్ల కావచ్చు. కుంగుబాటు కొందరిలో దానంతటదే కూడా తగ్గుతుంది. ఈ చిక్కుముడి ఆల్దీనీ రోజుల నుంచి ఇవాళ్టి దాకా సన్నకరెంటుని వదల్లేదు. దాని సంగతి ముందు ముందు చూద్దాం.

బ్యారేజీ చేసే పని

రెండు మిల్లీ ఆంపియర్లు పుర్రె దాటి లోపలికి వెళతాయా అన్నది న్యాయమైన అనుమానం. 2018లో ఒక పరిశోధక బృందం మృతదేహాల మీద కొలిచి చూసింది. తల మీద పెట్టిన కరెంటులో నాలుగింట మూడొంతుల దాకా చర్మంలో, కండలో, ఎముకలో ఖర్చయిపోతోంది. మిగిలిన పాతిక వంతు మెదడుకి చేరి చేసేదేమిటి?

ఇది అర్థం కావాలంటే వన్ టౌన్ నుంచి నాలుగడుగులు వేసి ప్రకాశం బ్యారేజీ మీద నిలబడాలి. 1957లో పూర్తయిన ఈ బ్యారేజీకి 70 గేట్లు. అంతకు ముందు ఇక్కడే 1855లో పూర్తయిన ఆనకట్ట ఉండేది. బ్యారేజీలో నీళ్లు తోడే మోటార్లు లేవు, నీళ్లని ఎత్తిపోసేదేమీ లేదు. నదికి అడ్డంగా నిలబడి నీటి మట్టాన్ని కొన్ని అడుగులు పైకి తెస్తుంది, అంతే. బ్యారేజీ దగ్గర మట్టం 12 అడుగులు ఉందన్న వార్త పేపర్లో చూసి దివిసీమ దాకా రైతులు ఊపిరి పీల్చుకుంటారు. ఎందుకంటే మట్టం ఆ మాత్రం ఉంటేనే బందరు కాలువలోకి, ఏలూరు కాలువలోకి, రైవస్ కాలువలోకి నీరు తనంతట తానే పారుతుంది. మట్టం తగ్గితే నదిలో నీళ్లున్నా కాలువలు నోరు తెరుచుకుని చూస్తుంటాయి.

మెదడులో నాడీకణానికి కూడా ఇలాంటి మట్టం ఒకటుంది. ఊరికే ఉన్నప్పుడు కణం లోపలికీ బయటికీ మధ్య సుమారు 70 మిల్లీ ఓల్టుల తేడా ఉంటుంది. పక్క కణాల నుంచి కబుర్లు వచ్చేకొద్దీ ఆ తేడా తగ్గుతూ వస్తుంది. ఒక గట్టు దాటగానే కణం ఒక్కసారి మోగుతుంది, తన కబురు ముందుకి పంపుతుంది. గట్టు దాటకపోతే మౌనం. షాక్ చికిత్స, అయస్కాంత చుట్ట కణాలని పట్టి మోగిస్తాయి. సన్నకరెంటుకి అంత బలం లేదు. అది ఒక కణంలో తెచ్చే మార్పు ఒక మిల్లీ ఓల్టు కూడా ఉండదు. కాని ఆ మాత్రం మట్టం పెరిగితే, ఎలాగూ వస్తున్న కబుర్లలో ఇదివరకు గట్టు దగ్గరే ఆగిపోయేవి కొన్ని ఇప్పుడు దాటతాయి. నీరు కొత్తగా పుట్టలేదు. ఉన్న నీరే కాలువ ఎక్కింది.

దీన్ని మొదటిసారి పకడ్బందీగా చూపింది జర్మనీలోని గోటింగెన్‌లో నిట్షె, పౌలుస్ అనే ఇద్దరు పరిశోధకులు, 2000 సంవత్సరంలో. వాళ్లు చూసింది చిటికెన వేలిని. మెదడులో ఆ వేలిని కదిలించే చోటుని అయస్కాంత చుట్టతో తాకితే వేలి కండరం చిన్నగా అదురుతుంది. ముందు సన్నకరెంటు పెట్టి, తర్వాత అదే బలంతో తాకి చూశారు. కరెంటు ఒక దిక్కున పంపితే అదురు పెరిగింది, దిక్కు మారిస్తే తగ్గింది. మార్పు 40 శాతం దాకా వచ్చింది. మరుసటి ఏడాది ఇంకో సంగతి తేలింది. పదమూడు నిమిషాలు కరెంటు పెట్టి ఆపేస్తే, ఆపాక కూడా గంటన్నర దాకా ఆ ప్రభావం నిలిచింది.

ఆపాక కూడా నిలవడమే ఇక్కడ కీలకం. పొలంలో బోదె ఎలా ఏర్పడుతుందో రైతుకి చెప్పనక్కర్లేదు. మొదటి రోజు నీరు తడుముకుంటూ పోతుంది, పది రోజులు అదే దారిన నడిస్తే నేల ఒరుసుకుని బోదె దానికదే లోతవుతుంది. నాడీకణాల మధ్య అతుకులూ వాడకం వల్లే గట్టిపడతాయి. ఒక్క పూట కరెంటు కుంగుబాటుకి ఏమీ చేయదు. రోజూ అరగంట, వారాల తరబడి పెడితే దారులు మారతాయన్నది శాస్త్రజ్ఞుల ఆలోచన.

మరి నుదుటి మీద ఎడమ పక్కే ఎందుకు? అక్కడ పుర్రె కింద ఉండే మెదడు భాగం పనులకి పూనుకోవడం, ఆలోచనని ఒకచోట నిలపడం, దిగులుకి పగ్గం వేయడం వంటి వాటిలో పాలు పంచుకుంటుంది. కుంగుబాటులో చాలామందికి ఆ పక్క చురుకు తగ్గినట్టు పరీక్షల్లో కనిపించింది. పాలు పొంగుతున్నాయని కంటికి తెలుస్తుంది, స్టవ్ కట్టడానికి చెయ్యి లేవదు. గుమాస్తా భార్యని బద్ధకమని, మొండితనమని దెప్పిన చుట్టాలు గ్రహించాల్సింది ఇదే.

ముప్పై ఆరు ప్రయాణాలు

ఇంట్లో ఎందుకు? ఆస్పత్రికి పోయి పెట్టించుకుంటే పోదా?

లెక్క వేసి చూద్దాం. ఈ మధ్య జరిగిన ఒక పెద్ద పరీక్షలో చికిత్స పద్ధతి ఇది: మొదటి మూడు వారాలు వారానికి ఐదుసార్లు, తర్వాత ఏడు వారాలు వారానికి మూడుసార్లు. మొత్తం 36 సార్లు. బందరు నుంచి బెజవాడ సుమారు 70 కిలోమీటర్లు. రానూపోనూ 140. ముప్పై ఆరుసార్లు అంటే 5,040 కిలోమీటర్లు. ఒక్కోసారి కూర్చునేది అరగంట. మంచం దిగడమే గండంగా ఉన్న మనిషి బస్సెక్కి అన్నిసార్లు రావాలి, ఆమెతో పాటు కూలి మానుకుని ఇంకొకరు రావాలి. వన్ టౌన్ గుమాస్తాకి దూరం సమస్య కాదు, రైలు పట్టాలు, కాలువ దాటితే సూర్యారావుపేట. కాని 36 పూటలు కొట్టు మానితే షావుకారు ఊరుకుంటాడా? ఇరుకు సందులో, గోడకి గోడ ఆనుకున్న ఇళ్లల్లో, "మీ ఆవిడని రోజూ ఎక్కడికి తీసుకెళుతున్నావు" అన్న ప్రశ్నకి ఏం చెప్పాలి?

మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో దేశంలో ప్రతి 20 మందిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకి గురవుతున్నారని తేలింది. ఇలాంటి మామూలు మానసిక జబ్బులున్న వాళ్లలో నూటికి 85 మంది దాకా చికిత్స అందకుండానే ఉండిపోతున్నారు. లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేని దేశం మనది. ఆస్పత్రి ఇంటికి రావాలన్న ఆలోచన ఇక్కడ సరదా కోసం పుట్టినది కాదు.

ఇంట్లో సన్నకరెంటు అన్న ప్రయోగానికి మన పొరుగునే, బెంగళూరు నిమ్హాన్స్‌లో పాత ఉదాహరణ ఒకటుంది. అక్కడి ఆచార్యుడు చిత్తరంజన్ ఆండ్రేడ్ 2013లో ఒక రోగి కథని వైద్య పత్రికలో ప్రచురించారు. జబ్బు కుంగుబాటు కాదు, స్కిజోఫ్రీనియా. చెవిలో ఎడతెగకుండా మాటలు వినిపించడం, పేరున్న మందులేవీ పనిచేయకపోవడం. ఆ రోగికి ఇంట్లోనే, రోజుకి ఒకసారి రెండుసార్లు చొప్పున, మూడేళ్ల పాటు సన్నకరెంటు పెట్టించి మేలు చూశారు. అది ఒక్క మనిషి కథే, ఆల్దీనీ రైతు కథ లాగే. కాని ఖరీదైన ల్యాబు లేకుండా ఒక మామూలు భారతీయ కుటుంబం మూడేళ్లు ఈ పని నడపగలిగిందన్నది చిన్న విషయమేమీ కాదు.

ఉత్తుత్తి పట్టీ

ఇప్పుడు చిక్కుముడి దగ్గరికి వద్దాం. తగ్గింది కరెంటు వల్లనా, కాదా?

దీన్ని తేల్చడానికి పరిశోధకులు ఉత్తుత్తి పట్టీని తయారు చేస్తారు. చూడటానికి అచ్చం అసలుదే. మొదట్లో కొన్ని సెకన్లు కరెంటు వస్తుంది, చీమలు పాకుతాయి, ఆ తర్వాత గుట్టుగా ఆగిపోతుంది. పెట్టుకున్న వాళ్లకి తెలియదు, ఫలితం కొలిచే వాళ్లకీ తెలియదు. చీటీలు తీసినట్టు సగం మందికి అసలుది, సగం మందికి ఉత్తుత్తిది ఇస్తారు.

బ్రిటన్, అమెరికాల్లో సింథియా ఫూ అనే మానసిక వైద్యురాలి నాయకత్వంలో ఇలా 174 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2024లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చాయి. పది వారాలు. ఎవరూ ఆస్పత్రికి రాలేదు, పరిశోధకులు వీడియో కాల్‌లోనే మాట్లాడుతూ, కొలుస్తూ వచ్చారు. కుంగుబాటుని కొలిచే హామిల్టన్ కొలత మీద అసలు పట్టీ పెట్టుకున్న వాళ్లకి సగటున 9.4 పాయింట్లు తగ్గింది. పూర్తిగా తేరుకున్న వాళ్లు అసలు పట్టీలో నూటికి 45 మంది, ఉత్తుత్తి పట్టీలో 22 మంది. రెట్టింపు.

ఉత్తుత్తి పట్టీ వాళ్లకి ఎంత తగ్గిందో కూడా చూడాలి. 7.1 పాయింట్లు. కరెంటు లేకుండానే! అంటే మెరుగుదలలో పెద్ద వాటా పట్టీలోని కరెంటుది కాదు. రోజూ ఒక వేళకి కూర్చోవడం, ఎవరో ఫోన్‌లో పలకరించి నిద్ర ఎలా పడుతోందని, అన్నం తింటున్నావా అని అడగడం, తగ్గుతుందన్న ఆశ, గడిచిన కాలం, వీటిదే. కరెంటు దాని మీద ఇంకో రెండు పాయింట్లు కలిపింది. కొలత మీద చిన్నదే, కాని ఆ రెండు పాయింట్లే ఎందరినో గట్టు దాటించాయి.

అదే ఏడాది బ్రెజిల్ నుంచి ఇంకో ఫలితం వచ్చింది. 210 మంది, ఇంట్లో వాడకం, అదే 2 మిల్లీ ఆంపియర్లు. అసలు పట్టీకీ ఉత్తుత్తి పట్టీకీ తేడా కనిపించలేదు. అక్కడ చికిత్స ఆరు వారాలే, పైగా పట్టీ పెట్టుకునేటప్పుడు పర్యవేక్షణ లేదు. ఆ కారణంగానే ఫలితం రాలేదని తేల్చేయడం కుదరదు. జర్మనీలో 2023లో 160 మందికి ఆస్పత్రుల్లోనే, నర్సుల కళ్ల ముందే, మాత్రలతో పాటు పెట్టినప్పుడు కూడా తేడా రాలేదు మరి. అంతకు ముందు 2017లో బ్రెజిల్‌లోనే 245 మంది మీద జరిగిన పరీక్షలో సన్నకరెంటు ఉత్తుత్తి చికిత్స కంటే మెరుగ్గా పనిచేసింది. ఎస్సిటలోప్రామ్ అనే మామూలు మాత్రకి సాటి అని మాత్రం రుజువు చేసుకోలేకపోయింది.

ఇన్ని ఫలితాలు చదివాక నిజాయితీగా చెప్పగలిగింది ఇంత. సన్నకరెంటు గుణం ఉన్నదే, కాని పలచనిది. కొందరికి బాగా పనికొస్తుంది, ఆ కొందరెవరో ముందుగా పోల్చుకునే దారి ఇంకా దొరకలేదు. ఐరోపాలో 2019 నుంచి ఇలాంటి తలపట్టీ అమ్మకంలో ఉంది. అమెరికా నియంత్రణ సంస్థ 2025 డిసెంబరులో మొదటిసారి కుంగుబాటుకి ఇంట్లో వాడే పట్టీని అనుమతించింది, డాక్టరు చీటీ మీదే.

స్పాంజీ ఆరిపోతే

ప్రమాదాల సంగతి. మామూలు మోతాదులో, వెయ్యి మందికి 33,200 సార్లు పెట్టిన లెక్కలన్నీ 2016లో ఒకచోట పోగేసి చూస్తే పెద్ద హాని ఒక్కటి కూడా కనిపించలేదు. ఇది నమ్మకమిచ్చే లెక్క. అయితే ఆ వెయ్యి మందీ ఒకరి కనుసన్నల్లో పెట్టుకున్న వాళ్లన్నది మరవకూడదు. అదే ఏడాది 39 మంది పరిశోధకులు కలిసి, ఇంట్లో బ్యాటరీ, తీగలు కట్టి సొంతంగా ప్రయోగాలు చేసుకుంటున్న వాళ్లని హెచ్చరిస్తూ బహిరంగ లేఖ రాశారు. తొమ్మిది ఓల్టుల బ్యాటరీ, రెండు తీగలు ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతాయి కాబట్టి ఆ హెచ్చరిక మనకీ అవసరమే.

చెడేది ఎక్కువగా స్పాంజీ దగ్గర. నిండుగా తడిసిన స్పాంజీలో కరెంటు బిళ్ల అంతటా సమంగా పరుచుకుని చర్మంలోకి దిగుతుంది. ఒక మూల ఆరిపోయిందా, లేదా నుదుటికి ఒక పక్కే ఆనిందా, అంత కరెంటూ రూపాయి బిళ్ల మేర చోటు నుంచే దూరుతుంది. అక్కడ చర్మం చురుక్కుమంటుంది, కాలి పొక్కు లేస్తుంది. మే నెలలో, ఫ్యాను కింద, బెజవాడ ఎండకి స్పాంజీ ఎంత తొందరగా ఆరుతుందో వేరే చెప్పాలా? నుదుటికి జండూబామ్ రాసుకుని, తలకి నూనె పెట్టుకుని పట్టీ కట్టకూడదు. కుంకుమబొట్టు కూడా పక్కకి ఉండాలి. విదేశీ పరికరం వెంట వచ్చే కాగితంలో ఈ పేర్లు ఉండకపోవచ్చు.

అసలే కట్టకూడని వాళ్లున్నారు. తలలో లోహపు ముక్కలు, చెవిలో అమర్చిన యంత్రాలు ఉన్నవాళ్లు, మూర్ఛలున్న వాళ్లు డాక్టరు తేల్చి చెప్పకుండా ముట్టుకోకూడదు. కొన్ని నెలలు కుంగిపోయి, కొన్ని నెలలు అతి హుషారుగా, నిద్ర లేకుండా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు చేస్తూ తిరిగే జబ్బు ఉంటుంది. అలాంటి వాళ్ల కుంగుబాటు కాలంలో మట్టం పెంచితే అటు పక్కకి పొర్లే ప్రమాదం ఉంది. 2017 బ్రెజిల్ పరీక్షలోనే సన్నకరెంటు పెట్టుకున్న ఇద్దరిలో కొత్తగా ఉన్మాదం కనిపించింది. చచ్చిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉన్నవాళ్లని ఇంటి పట్టీ పరీక్షల్లో చేర్చుకోనే లేదు. వాళ్లకి కావాల్సింది ఆ పూటే ఆస్పత్రి. అర్ధరాత్రి అయితే 14416కి ఫోన్ చేయాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీమానస్ నంబరు అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

పట్టీ వచ్చింది కదా అని మాత్రలు ఆపడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. గుమాస్తా భార్యకి వచ్చిన సగం తేలిక ఆ మాత్రలదే.

సూర్యారావుపేట గదిలో డాక్టరు ఇదంతా ఓపిగ్గా చెప్పి, చీటీ రాసే ముందు పెన్ను పక్కన పెట్టాడనుకుందాం. గుమాస్తా ఖరీదు అడుగుతాడని ఎదురు చూశాడు. అతను, "కరెంటు పోతే మధ్యలో ఆగిపోద్దాండీ?" అని అడిగాడు. బ్యాటరీ మీద నడుస్తుందని డాక్టరు చెప్పి, తనవైపు నుంచి ఒకటి అడిగాడు. "మీరు పొద్దంతా కొట్లో ఉంటారు గదా. ఆ అరగంట ఆవిడ పక్కన ఎవరు కూర్చుంటారు? స్పాంజీ తడిపేదెవరు? వారానికోసారి నాతో ఫోన్‌లో మాట్లాడించేదెవరు?"

గుమాస్తా వేళ్లు మడిచి లెక్క వేసుకున్నాడు. అత్తగారికి చూపు ఆనదు. బామ్మర్ది హైదరాబాదులో. పక్కింటావిడకి తెలియకూడదు. అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న భార్య తల ఎత్తకుండానే, "అమ్మాయి రెండింటికి వచ్చేస్తుంది కాలేజీ నుంచి" అంది.

"అన్నం తినేసరికి రెండున్నర" అన్నాడు గుమాస్తా.

డాక్టరు చీటీ మీద రాశాడు: రెండున్నర నుంచి మూడు.